టీ కెటిల్, టీపాట్: మూతా కొమ్మూ చూసి కొనవలసిన వస్తువులు

మన ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లలో టీ అంటే గిన్నెలో కాచినదే. దంచిన అల్లం వేసి నీళ్లు మరిగించి, పొడి వేసి, పాలు పోసి, రెండు పొంగులు రానిచ్చి వడకట్టే ఈ పద్ధతికి కెటిల్ అవసరం లేదు, టీపాట్ అవసరం అంతకన్నా లేదు. ఆ టీ ఒక్కటే తాగే ఇంటివారు ఈ రెండింటి మీద డబ్బు పెట్టడం దండగని నా అభిప్రాయం. అడుగు మందంగా ఉన్న ఒక స్టీలు గిన్నె, సన్నని జాలీ ఉన్న ఒక వడకట్టు చాలు. అయితే ఇంట్లో ఒకరు పాలు మానేసి బ్లాక్ టీకి మారినా, మరొకరు గ్రీన్ టీ మొదలుపెట్టినా, పెద్దవాళ్లకు పొద్దున్నా రాత్రీ వేడినీళ్లు కావలసివచ్చినా లెక్క మారుతుంది. మా ఇంట్లో ఈ మూడు అవసరాలూ ఉన్నాయి కనుక, విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల ఉన్న సామాన్ల దుకాణాల్లో చూసి, బేరమాడి, ఒక కరెంటు కెటిల్, గ్యాసు పొయ్యి మీద పెట్టుకునే ఒక విజిల్ కెటిల్, ఒక తెల్ల పింగాణీ టీపాట్ తీసుకున్నాము. వాడకంలో అవి ఎలా ఉన్నాయో, కొనకుండా వదిలేసిన వాటిని ఎందుకు వదిలేశామో రాస్తున్నాను.

దుకాణంలో అడుగుపెట్టగానే ఎన్ని లీటర్లది కావాలని అడుగుతారు, తరువాత ఏ రంగు అంటారు. నా దృష్టిలో ఈ రెండూ ఆఖరున తేల్చుకోవలసినవి. కెటిల్ అయితే మూత ఎంత గట్టిగా పడుతుంది, నోట్లో చెయ్యి దూరుతుందా అన్నది ముందు చూడాలి. టీపాట్ అయితే కొమ్ము అంచు ఎలా తీర్చారు, వంచినప్పుడు మూత జారకుండా నిలుస్తుందా అన్నది చూడాలి. మిగిలినవన్నీ వీటి తరువాతే.

కరెంటు కెటిల్ విషయంలో మూతకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, నీళ్లు మరిగాక అది దానంతట అది ఆగిపోవడం మూత మీదే ఆధారపడి ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలను అతికించి చేసిన ఒక చిన్న బిళ్ల దాని పిడి భాగంలో ఉంటుంది. వేడి తగలగానే అది టక్కున వంగి స్విచ్చిని తన్నేస్తుంది. ఆ బిళ్లకు నీళ్లతో సంబంధం లేదు. మరిగిన నీళ్ల నుంచి లేచిన ఆవిరి, పిడి వెంబడి ఉన్న సన్నని దారి గుండా వచ్చి దానికి తగలాలి. మూత సరిగా పడకపోతే ఆవిరంతా పైనుంచి పోతుంది, బిళ్ల చల్లగానే ఉంటుంది, నీళ్లు తుకతుక ఉడుకుతూనే ఉంటాయి. కనుక దుకాణంలో మూతను నాలుగైదుసార్లు తెరిచి మూసి చూడండి. మూసినప్పుడు టక్కుమని కూర్చోవాలి, వేలితో కదిపితే ఊగకూడదు. మీట నొక్కితే స్ప్రింగు మీద లేచే మూతలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, చవక రకాల్లో ముందుగా అలిసిపోయేది ఆ స్ప్రింగే. చేత్తో ఎత్తి తీసే సాదా మూతనే మేము ఎంచుకున్నాము. నీళ్లు లేకుండా స్విచ్చి వేస్తే ఆపేందుకు అడుగున మరో రక్షణ ఉంటుంది. అది ఉన్నదీ లేనిదీ పెట్టె మీద చదివి తీసుకోవాలి. ఐఎస్ఐ గుర్తు కూడా అక్కడే చూసుకోవచ్చు.

నోరు వెడల్పుగా ఉండాలనడానికి కారణం మన నీళ్లే. కార్పొరేషన్ కుళాయి నీళ్లు కాచినంత కాలం మా కెటిల్ అడుగు తళతళలాడుతూనే ఉంది. కుళాయి రాని రోజుల్లో బోరు నీళ్లు పోయడం మొదలయ్యాక అడుగున బూడిద రంగు తెల్లని పొర కట్టసాగింది. బోరు నీళ్లలో కరిగి ఉన్న సున్నపు లవణాలు మరిగినప్పుడు విడిపోయి గట్టి పొరగా పేరుకోవడమే దీనికి కారణం. ఆ పొర ఆరోగ్యానికి పెద్దగా చెరుపు చేసేది కాకపోయినా, వేడిని అడ్డుకుంటుంది, పెచ్చులుగా లేచి కప్పులోకి వస్తుంది. ఆ నీళ్లతో చేసిన బ్లాక్ టీ మీద నూనె తేలినట్లు ఒక పలుచని తెట్టు కట్టడం కూడా చూడవచ్చు. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు ఒక చెంచాడు నీళ్లలో వేసి, ఒక పొంగు రానిచ్చి, అరగంట వదిలేస్తే పొర కరిగిపోతుంది. ఆ తరువాత మెత్తని గుడ్డతో లోపల తుడవాలి, స్టీలు పీచు మాత్రం పెట్టకూడదు. ఆ తుడిచే పని దగ్గరే నోటి వెడల్పు తేలుతుంది. కూజాలా మెడ సన్నగా ఉన్న కెటిళ్లు, కాఫీ వాళ్ల కోసం చేసిన హంసమెడ కొమ్ము కెటిళ్లు మా ఆవిడకు ఎంతో నచ్చాయి గానీ, వాటిలో నాలుగు వేళ్లు కూడా దూరవు కనుక చివరికి తనే వద్దంది.

కాయిల్ బయటకు కనిపించే పాత తరహా కెటిళ్లు ఇప్పటికీ కొన్నిచోట్ల అమ్ముతున్నారు. తీగచుట్ట సందుల్లో సున్నం ఇరుక్కుంటే తీయడం గగనం కనుక వాటి జోలికి పోకపోవడం మంచిది. అడుగు నున్నగా ఉండి, కాయిల్ రేకు కింద దాగి ఉండే రకమే కొనాలి. అలాగే లోపల నీళ్లకు ఎక్కడెక్కడ ప్లాస్టిక్ తగులుతుందో వేలు పెట్టి తడిమి చూడాలి. నీటిమట్టం కనిపించేందుకు పక్కన పారదర్శకమైన కిటికీ ఉన్నవాటిలో, స్టీలుకూ ఆ ముక్కకూ మధ్య ఉండే రబ్బరు కొన్నాళ్లకు సడలి నీరు చెమ్మగిల్లడం మా బంధువుల ఇంట్లో చూశాను. కిటికీ లేని, లోపల గీతలు మాత్రమే ఉన్న రకానికి ఆ బెడద లేదు. పై గీత దాటి నీళ్లు పోస్తే మాత్రం ఏ కెటిల్ అయినా కొమ్ములోంచి చిమ్ముతుంది. కింద గట్టు మీద చెయ్యి ఉంటే కాలుతుంది.

లీటర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రెస్టీజ్, పిజియన్ వంటి కంపెనీల కెటిళ్లలో ఎక్కువగా కనిపించేది 1.5 లీటర్లు, 1500 వాట్లు. మాదీ ఆ కొలతే. దానిలో కనిష్ఠ గీత అర లీటరు దగ్గర ఉంది కనుక ఒక్క కప్పు కోసం కూడా అర లీటరు కాచవలసివస్తుంది. ఇద్దరే ఉన్న ఇంటికి లీటరు కెటిల్ చాలు. మన గది వేడిమిలో ఉన్న లీటరు నీళ్లు మరగడానికి దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది. ఖర్చయ్యే కరెంటు యూనిట్‌లో పదో వంతుకు మించదు. అదే నీళ్లు గ్యాసు మీద కాచితే, పొయ్యి పనితనాన్ని బట్టి పది పన్నెండు గ్రాముల గ్యాసు పడుతుందని నా లెక్క. ఈ తేడాతో నెలాఖరుకు మిగిలేదీ పోయేదీ పెద్దగా ఉండదు. కరెంటు కెటిల్ లాభమంతా పక్కన నిలబడనక్కరలేకపోవడంలోనే ఉంది.

ప్లగ్ విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. 1500 వాట్ల కెటిల్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మన వంటిళ్ల గోడకు ఉండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. కొన్ని కెటిళ్లకు ఆ చిన్న సాకెట్లో పట్టే ప్లగ్గే ఇస్తున్నారు కనుక చాలామంది మిక్సీ పెట్టే చోటే కెటిల్ పెట్టేస్తారు, లేదా సెల్‌ఫోన్ ఛార్జర్లు వేలాడే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తారు. కొంతకాలానికి సాకెట్ రంధ్రాలు గోధుమ రంగుకు తిరిగి, ప్లగ్ తీస్తే కాలిన వాసన వస్తుంది. ఫ్రిజ్, గీజర్లకు వాడే 16 ఆంపియర్ల పవర్ సాకెట్ దగ్గరే దీనికి చోటు చూడాలి. ఊళ్లో పాత పెంకుటిళ్లలో, వాటి వెనుక కట్టిన వాటాల్లో ఎర్తింగ్ సరిగా ఉండదు. ఉన్నా, ఎండాకాలం వచ్చేసరికి ఉప్పూ బొగ్గూ నింపిన గుంత ఎండిపోతుంది. స్టీలు ఒంటి కెటిల్‌ను తాకినప్పుడు చేతికి చిమచిమలాడితే దాన్ని అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. అద్దె ఇంట్లో ఎర్తింగ్ లేదని తేలితే, ఇంటివారితో చెప్పి బాగుచేయించుకునే దాకా గ్యాసు మీద పెట్టే కెటిలే మేలు.

కరెంటు కెటిల్‌లో పాలు కాచవచ్చా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. మా వీధి చివర మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే పెద్దాయన దీనికి ఒక్క మాటలో తీర్పు చెప్పాడు: “పాలు ఎయ్యకండి బాబూ. ఎన్నిసార్లు సెప్పినా ఏస్తారు, ఏసి నా దగ్గరికే అట్టుకొస్తారు.” ఆయన బల్ల మీద విప్పి ఉన్న కెటిల్ లోపలి అడుగు చూస్తే మాడిన కోవా అట్టు కట్టినట్లు నల్లగా ఉంది, ఆవిరి వెళ్లే దారిలో పాల నురగ ఎండి గట్టిపడి దాన్ని పూర్తిగా మూసేసింది. పాలు వేడెక్కగానే అడుగంటుతాయి, పొంగితే కింది పీఠంలోని కరెంటు మొన మీద పడతాయి. పాలు, నూడుల్స్ కూడా కాచుకోవచ్చని అమ్మే వెడల్పు గిన్నె వంటి రకాలు వేరే ఉన్నాయి. వాటిలో వేడిని తగ్గించే మీట ఉంటుంది. హాస్టల్ పిల్లలకు అవి పనికొస్తాయేమో గానీ, గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో వాటి అవసరం నాకు కనిపించలేదు.

ఇక విజిల్ కెటిల్. కరెంటు కెటిల్ ఉండగా ఇదెందుకని దుకాణంలో అడిగారు. మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు జవాబు తుపానులే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ, విజయనగరం జిల్లాల్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం వైపు ఉన్నవారికి అదే పరిస్థితి. గ్యాసు మీద పెట్టే కెటిల్ ఒకటి అటక మీదైనా ఉండాలని అప్పటినుంచి మా నాన్నగారి మాట. అయితే మేము దాన్ని అటక మీద ఉంచలేదు, ఎందుకంటే ఆ కూత పెద్దవాళ్లకు చాలా ఉపకారం చేస్తుంది. పొయ్యి మీద నీళ్లు పెట్టి టీవీ ముందు కూర్చుని మరిచిపోయే వయసులో, కెటిల్ పిలిచి చెప్పడం కన్నా మంచి ఏర్పాటు లేదు.

విజిల్ అంటే నడుమ చిన్న రంధ్రాలున్న రెండు రేకులు, వాటి మధ్య కాస్త ఖాళీ, అంతే. ఆవిరి జోరు ఒక స్థాయి దాటాక రెండో రంధ్రం గుండా బయటపడేటప్పుడు పుట్టే సుడుల వల్ల ఆ కూత వస్తుందని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో వివరించారు. కొనేవారికి దీనిలో పనికొచ్చే సంగతి ఒకటుంది: ఆవిరి అంతా కొమ్ములోంచే రావాలి. పై మూత వదులుగా ఉంటే సగం ఆవిరి అక్కడే పోయి, కూత ఈలలా మొదలై నీరసపడిపోతుంది. మేము చూసిన వాటిలో ఒకటి ఇలాగే ఉంటే పక్కన పెట్టించాము. కొమ్ము మీది విజిల్ మూతను ఎత్తే మీట పిడి దగ్గరే ఉన్నదా, లేక కొమ్ము దగ్గరకు వేలు పెట్టి ఎత్తాలా అన్నది కూడా చూడాలి. రెండో రకంలో ఆవిరి నేరుగా వేళ్ల మీదకు వస్తుంది. పిడికి తొడిగిన ప్లాస్టిక్ తొడుగు కెటిల్ పక్కలకు దగ్గరగా దిగితే పెద్ద బర్నర్ మంట దాన్ని కరిగిస్తుంది. చిన్న బర్నర్ మీద, మంట అడుగు దాటి పైకి రాకుండా పెట్టుకుంటే ఈ ఇబ్బంది లేదు.

స్టీలు నాణ్యత చూపించడానికి దుకాణదారులు అయస్కాంతం తీస్తారు. అంటుకోలేదు కాబట్టి ఇది 304 రకం అంటారు. ఇది సగం నిజం. క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉండే 304 స్టీలుకు అయస్కాంతం అంటుకోని మాట వాస్తవమే. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు కలిపి చేసే చవకైన 202 స్టీలుకూ అంటుకోదు. కనుక ఆ పరీక్షతో మేలురకమని తేలదు. పెట్టె మీదో అడుగునో 304 అని ముద్ర ఉంటే దాన్ని నమ్మాలి, లేదంటే 202 ధరకే బేరమాడాలి. ఇండక్షన్ పొయ్యి ఉన్నవారికి లెక్క తిరగబడుతుంది: వారికి అడుగున అయస్కాంతం గట్టిగా అంటుకోవాలి, లేకపోతే పొయ్యి ఆ పాత్రను గుర్తించదు. టీ కొట్ల వారి అల్యూమినియం కెటిల్ తేలిక, చవక, త్వరగా వేడెక్కుతుంది. అయితే నిమ్మరసం పిండిన టీ అందులో ఉంచకూడదు. ఇంటికి స్టీలు ఉండగా దాన్ని కోరి తెచ్చుకోనక్కరలేదు.

ఇత్తడి ప్రస్తావన తేకుండా మన జిల్లాల వాళ్లం ఈ సామాన్ల గురించి మాట్లాడలేము. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పనివారి చేతిలో తయారైన పాత్ర తీరూ బరువూ యంత్రపు సామానుకు రావు. మా పిన్నిగారింట్లో కొమ్మున్న ఇత్తడి పాత్ర ఒకటి ఉంది, దానిలో నీళ్లు కాచి పోస్తే చూడడానికే వేడుకగా ఉంటుంది. కానీ పులుపు తగిలితే ఇత్తడిలోని రాగి కరుగుతుంది. టీకీ కొద్దిపాటి పులుపు గుణం ఉంది కనుక లోపల కళాయి లేని ఇత్తడిలో టీ కాచకూడదు. కళాయి అంటే తగరపు పూత. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పాత్రను ఖాళీగా పొయ్యి మీద వదిలితే పూత ముద్దకడుతుంది. కళాయి వేసేవారు వీధుల్లోకి రావడం అరుదైపోయిన ఈ రోజుల్లో, మళ్లీ ఎవరితో వేయిస్తామో తెలుసుకున్నాకే ఇత్తడి కెటిల్ కొనాలి.

టీపాట్ దగ్గరకు వస్తే, ముందు ఏ టీ పొడి వాడతామో తేల్చుకోవాలి. మన కిరాణా కొట్లలో దొరికేది దాదాపు అంతా సీటీసీ రకమే. ఆకును నలిపి, చింపి, ఉండచుట్టే ఆ పద్ధతి 1930లలో అస్సాంలో మొదలైంది. ఆ గుళికలు నిమిషం రెండు నిమిషాల్లో రంగంతా వదిలేస్తాయి, పాలలో మరిగినా రుచి నిలబెట్టుకుంటాయి. అందుకే గిన్నె టీకి అవి తగినవి. అదే పొడిని టీపాట్‌లో వేసి మూతపెడితే ఐదు నిమిషాల్లో చేదెక్కుతుంది, జాలీ కళ్లు పూడుకుపోతాయి. టీపాట్ కావలసింది డార్జిలింగ్, నీలగిరి వంటి పొడవాకు టీలకు, గ్రీన్ టీకి.

కాచిన పాల టీని అతిథులకు పోయడానికి టీపాట్ వాడదామని ముచ్చటపడేవారు చాలామంది ఉన్నారు. మా ఇంట్లోనూ సంక్రాంతికి ఆ సరదా తీర్చుకున్నారు. రెండో కప్పు పోసేసరికి మీగడ తెట్టు కొమ్ము వెనక ఉన్న చిల్లులకు అడ్డం పడి, టీ సన్నని దారగా, తరువాత చుక్కలుగా వచ్చింది. దాన్ని శుభ్రం చేయడానికి అగ్గిపుల్లలు కావలసివచ్చాయి. పాల టీ పోయడానికి వెడల్పు మూతి స్టీలు ఫ్లాస్కే సరైనది.

పింగాణీ టీపాట్ కొనేటప్పుడు దుకాణంలో నీళ్లు అడిగి పోయించి చూడమని నా గట్టి సలహా. మేము అడిగితే అమ్మాయి మొదట నవ్వినా, తరువాత తాగే నీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది. మూడు టీపాట్లలో వరుసగా సగం దాకా నీళ్లు పోసి, వంచి, ఒక్కసారిగా ఆపి చూశాము. పూలు చెక్కిన, అన్నిటికన్నా ఖరీదైన దానిలో నీరు కొమ్ము గడ్డం వెంబడి జారి బల్ల మీద చుక్కలు పడ్డాయి. అంచు గుండ్రంగా, మందంగా తీర్చిన కొమ్ములన్నిటికీ ఈ జబ్బు ఉంటుంది: దార నెమ్మదించగానే నీరు అంచును వదలకుండా పట్టుకుని వెనక్కి పాకుతుంది. మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త 1956లో దీని మీద ప్రత్యేకంగా రాశాడంటే ఎంత పాత తగువో తెలుస్తుంది. అంచు పదునుగా, కొద్దిగా కిందికి వంగి ఉన్న కొమ్ముకు చుక్క జారలేదు. అలంకారమేమీ లేని ఆ తెల్ల టీపాట్‌నే తీసుకున్నాము. కొమ్ము మొన, టీపాట్ నోటి అంచుకు సమానమైన ఎత్తులో గానీ కాస్త పైన గానీ ఉండాలి. కిందికి ఉంటే నిండా పోసినప్పుడు కొమ్ములోంచి కారిపోతుంది. మూతకు సన్నని చిల్లు ఉండాలి, లేకపోతే గాలి లోపలికి పోక దార గుటకలు మింగినట్లు పడుతుంది. మూత కింద చిన్న నాలుక ఉంటే వంచినప్పుడు మూత కప్పులో పడదు.

టీ రుచిని పరీక్షించే పద్ధతిని నిర్ణయిస్తూ 1980లో వచ్చిన ఐఎస్ఓ 3103 ప్రమాణం కూడా తెల్ల పింగాణీనో మెరుగు పూసిన మట్టిపాత్రనో వాడమంటుంది. 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. అది లోపాలు బయటపెట్టడానికి చేసే కటిక చిక్కటి టీ; తాగడానికి అందులో సగం ఆకు, మూడు నాలుగు నిమిషాలు చాలు. గ్రీన్ టీకి మరిగే నీళ్లు పోయకూడదు. కెటిల్ ఆగాక మూత తీసి కొన్ని నిమిషాలు ఆగితే 80 డిగ్రీల చుట్టూ దిగుతుంది. లోపలి జాలీ బుట్ట బయటకు తీయగలిగేదై ఉండాలి, వెడల్పుగా లోతుగా ఉండాలి, ఎందుకంటే ఆకు విచ్చుకోవడానికి చోటు కావాలి. నలుగురికి 600 మిల్లీలీటర్ల టీపాట్ సరిపోతుంది. ఫ్యాను కింద పెడితే ఏ టీపాట్ అయినా త్వరగా చల్లబడుతుంది, దానికి పాత్రను తప్పుపట్టలేము.

గాజు టీపాట్‌లో ఆకు విచ్చుకోవడం చూడడం ఒక ఆనందమే. బోరోసిల్ వంటివారు వాడే బోరోసిలికేట్ గాజు మరిగే నీళ్లకు తట్టుకుంటుంది, మామూలు గాజుకు ఆ ఓర్పు లేదు. వంటగదిలో రాతిగట్టుకు తగిలితే మాత్రం రెండూ ఒకటే. జపాను తరహా పోత ఇనుప టీపాట్లలో లోపల ఎనామిల్ పూసినవాటిని పొయ్యి మీద పెట్టకూడదన్న సంగతి అమ్మేవారే చాలామందికి తెలియదు. మణికట్టు నొప్పులున్న పెద్దవాళ్లు ఆ బరువు ఎత్తలేరు కూడా.

మాకు కరెంటు కెటిల్ వెయ్యి రూపాయల లోపు పడింది, విజిల్ కెటిల్ దానికి కాస్త ఎక్కువ, టీపాట్ అన్నిటికన్నా తక్కువ. కెటిల్‌కు వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర, తేదీ అక్కడికక్కడే వేయించుకున్నాము. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామన్న మాటకు ఒప్పుకోలేదు. టీపాట్‌కు ఉన్న చిక్కు ఒక్కటే, మూత పగిలితే విడిగా అమ్మరు. కడిగేటప్పుడు మూతను సింకులో టీపాట్‌తో కలిపి వేయకుండా ముందు కడిగి పక్కన బోర్లించడం మా ఇంట్లో ఇప్పుడు నియమమైంది.